రాయబారం నాడు

కారెంపూడి వీరుల తిరునాళ్లు ఐదు రోజులు. కార్తీక అమావాస్య నాడు రాచగావుతో మొదలై రాయబారం, మందపోరు, కోడిపోరు మీదుగా కల్లిపాడుతో ముగుస్తాయి. కత్తులూ కోళ్లూ వీరావేశాలూ చూడాలనుకునేవాళ్లు చివరి రెండు రోజులకు వస్తారు. మా ఊరి మాస్టారు మాత్రం రెండో రోజుకే వస్తాడు. వెంట మేనల్లుణ్ణి తెచ్చుకుంటాడు. వాళ్లిద్దరితో నేనూ వస్తాను, ఎందుకంటే కారు నాది.

మాస్టారు జిల్లా పరిషత్ హైస్కూల్లో ముప్ఫై ఒక్కేళ్లు సోషల్ చెప్పి రిటైరయ్యాడు. మేనల్లుడు పద్దెనిమిదో ఏట నేవీలో చేరి, సర్వీసులో ఎక్కువ భాగం విశాఖలో డీజిల్ సబ్‌మెరైన్ల మీద గడిపి, ఇప్పుడు పిడుగురాళ్లలో ఒక సున్నపు బట్టీ లెక్కలు చూస్తున్నాడు. ఊళ్లో ఆయన పేరు మాస్టారే, ఇతని పేరు నేవీయే. ఒకరంటే ఒకరికి ప్రాణం. మాట మాత్రం ఒక్కదాని మీదా కలవదు. 2025 తిరునాళ్లలో వాదన నాగులేరు గట్టున టీ కొట్టు దగ్గర మొదలై, వీరగాథలు పాడే వీరవిద్యావంతులు అలరాజు కథ ఎత్తుకునేదాకా సాగింది. గుర్తున్నంతవరకు రాస్తున్నాను. అక్కడక్కడా మాటలు సర్దాను, తిట్లు తీసేశాను.

అలరాజు సంగతి బయటి జిల్లాలవాళ్లకు ఒక ముక్కలో చెప్పాలి. కోడిపందెంలో ఓడిన మాచర్ల వర్గం ఏడేళ్లు రాజ్యం వదిలి పోయింది. గడువు తీరాక తమ భాగం తమకిమ్మని అడగడానికి గురజాలకు పంపిన రాయబారి ఈ అలరాజు. గురజాల ఏలే నలగామరాజుకు స్వయానా అల్లుడు. తిరుగుదారిలో చర్లగుడిపాడు దగ్గర విషం పెట్టి చంపారని కథ. ఆ తర్వాతే కారెంపూడి రణం.

నేవీ: అలరాజు వట్టి చేతులతో పోయాడు మామా, అందుకే చచ్చాడు. వెనకాల ఏముందో నలగామరాజుకు తెలిసుంటే విషం పెట్టనిచ్చేవాడా?

మాస్టారు: వెనకాల బ్రహ్మనాయుడున్నాడు. కన్నమదాసున్నాడు. బాలచంద్రుడున్నాడు. ఇంకేం తెలియాలిరా? అంతా తెలిసే పెట్టారు.

నేవీ: తెలియటం వేరు, భయం పుట్టటం వేరు. మనిద్దరం కొట్టుకుంటే నేను గెలుస్తానో నువ్వు గెలుస్తావో అన్నంతవరకే అప్పటి లెక్క. గెలుస్తాననుకున్నవాడు దిగుతాడు. ఇవాళ్టి లెక్క అది కాదు. గెలిచినవాడికీ ఊరు మిగలదు. ఆ ఎరుక ఉన్నంతకాలం ఎవడూ విషం కలపడు. ఇవాళ మన రాయబారి బంగాళాఖాతం అడుగున తిరుగుతున్నాడు.

మాస్టారు: అరిహంత్ సబ్‌మెరైన్ సంగతేనా?

నేవీ: అరిహంత్ ఒకటి, అరిఘాత్ ఒకటి. రెండూ మన విశాఖలో పుట్టినవే. అరిహంత్‌ని 2009 జులై 26న నీళ్లలోకి దించారు, 2016లో నేవీలో చేరింది. అణ్వస్త్రాలతో మొదటి గస్తీ పూర్తి చేసుకొచ్చిందని 2018 నవంబరులో ప్రధాని ప్రకటించాడు. అరిఘాత్ 2024 ఆగస్టు 29న చేరింది.

మాస్టారు: నువ్వెక్కావా వాటిలో?

నేవీ: ఎక్కినవాడు ఎక్కానని చెప్పడు, ఎక్కనివాడు చెప్పకూడదు. నేను డీజిల్ బోటు వాణ్ణి. లోపల సంగతి ఎక్కడైనా ఒకటే. ఇద్దరికో ముగ్గురికో ఒకే పడక. నువ్వు లేస్తే నీ వెచ్చదనం మీదే ఇంకొకడు పడుకుంటాడు. తినే అన్నానికీ కట్టిన బట్టకీ డీజిల్ వాసన. పగలో రాత్రో గడియారం చెప్పాలి. సోనార్ దగ్గర హెడ్‌ఫోను పెట్టుకుంటే చెవి నిండా చిటపట. పెద్ద బాణలిలో ఆవాలు వేసినట్టుంటుంది. ఏంటిదని మొదటిసారి అడిగితే పక్కవాడు నవ్వాడు. రొయ్యలంట మామా. ఒక జాతి రొయ్యలు గోళ్లు చిటికేసినట్టు కొడతాయి. ఆ రొద చాటున ఒక సబ్‌మెరైన్ నక్కిందనుకో, దాన్ని పట్టడం అమెరికావాడికీ కష్టమే.

మాస్టారు: రొయ్యలు కాపాడుతున్నాయన్నమాట దేశాన్ని.

నేవీ: ఎగతాళి చెయ్యబాకు. బలాబలాలంటే అందరూ బాంబులు లెక్కపెడతారు. స్టాక్‌హోమ్‌లో సిప్రి అని ఒక సంస్థ ఏటా లెక్క తీస్తుంది. 2025 జనవరికి మన దగ్గర 180, పాకిస్తాన్ దగ్గర 170, చైనా దగ్గర 600. అమెరికా, రష్యా చెరో ఐదు వేల పైన. ప్రపంచం మొత్తం 12,241. మనకు పాకిస్తాన్ కంటే పది ఎక్కువున్నాయని మురిసేవాడు పిచ్చోడు, చైనా కంటే నాలుగొందల ఇరవై తక్కువని ఏడ్చేవాడూ పిచ్చోడే. ఒకడు తెల్లారుజామున వచ్చి నీ 180లో 170 నాశనం చేశాడనుకో. మిగతా పది ఎక్కడున్నాయో వాడికి తెలుసా తెలియదా? తెలియకపోతే వాడు అసలు రాడు. లెక్కంతా ఆ పదిలో ఉంది. ఆ పదీ దాక్కునే చోటు సముద్రం.

నేను టీ గ్లాసు కింద పెట్టి, ఆ పదీ ఎంత దూరం పోతాయని అడిగాను. కె-15 క్షిపణి 750 కిలోమీటర్లంట. విశాఖ దగ్గర కూర్చుని వేస్తే ఇస్లామాబాద్ దరిదాపుల్లోకి కూడా పోదు. కె-4 అయితే 3,500 కిలోమీటర్లు. అరిఘాత్ నుంచి దాన్ని 2024 నవంబరులో పరీక్షించారు. అదైనా బంగాళాఖాతం ఉత్తర కొసకు పోతే తప్ప బీజింగ్ అందుకోలేదని నేవీ తనే ఒప్పుకున్నాడు. సొంత పక్షం లోటు దాచకపోవడం అతనిలో నాకు నచ్చే గుణం. మాస్టారికి ఆ గుణం కొంచెం తక్కువ.

మాస్టారు: నీ సముద్రం సంగతి నాకు తెలియదు. వాము సంగతి తెలుసు. నువ్వు విశాఖలో ఉన్నావు అప్పుడు. మన ఊళ్లో ఇటు వీధిలోనూ నాటు బాంబులు, అటు వీధిలోనూ నాటు బాంబులు. ఇద్దరి దగ్గరా ఉన్నాయని ఇద్దరికీ తెలుసు. నువ్వు చెప్పిన సిద్ధాంతమే, అచ్చం. వాడు వేస్తే వీడు వేస్తాడు కాబట్టి ఎవడూ వెయ్యడు. నాలుగేళ్లు ఒక్కటీ పేలలేదు. అందరూ ఊరు బాగుపడిందన్నారు. ఐదో ఏడు ఎండాకాలం, గడ్డివాము కింద బక్కెట్లో ఊకలో పెట్టినవి ఏడో తరగతి పిల్లాడి చేతికి చిక్కాయి. వాము యజమాని కొడుకే. పగవాడి కొడుకు కాదు.

నేవీ: తెలుసు మామా.

మాస్టారు: తెలుసుగానీ వినలేదు. నేను విన్నా. మూడో పీరియడు. దేశపటం మీద నదులు గుర్తించమని ఇచ్చా. ఆ పిల్లాడు ఆ రోజు బడికి రాలేదు. శబ్దం వచ్చాక క్లాసులో ఎవరూ తల ఎత్తలేదు. అలవాటైన పిల్లలు గదా, ఎవరింటి వైపునుంచో అని లెక్కేసుకుంటున్నారు. ఆ పిల్లాడు మళ్లీ బడికొచ్చాక ఎడమచేత్తో రాయటం నేర్చుకున్నాడు. బాంబులు ఉన్నంతకాలం శాంతిగా ఉందని ఆ ఊళ్లో ఎవడైనా చెప్పొచ్చు, వాడొక్కడు తప్ప.

కొద్దిసేపు ఎవరూ మాట్లాడలేదు. పల్నాడువాళ్లం ఈ విషయం బయటివాళ్ల ముందు మాట్లాడం. మాట్లాడితే పరువు తక్కువ. 2024 మే 13 పోలింగు తర్వాత మాచర్ల, నరసరావుపేట పేర్లు దేశమంతా మోగినప్పుడు మాలో సగంమంది సిగ్గుపడ్డారు, సగంమంది పేపర్లు అతి చేస్తున్నాయన్నారు. రెండూ నిజమే కావచ్చు.

నేవీ: నాటు బాంబుకీ అణుబాంబుకీ పోలిక కుదరదు. దీనికి తాళాలుంటాయి, రెండు తాళాలు, మూడు తాళాలు. ఒక మనిషి అనుకుంటే పేలేది కాదు. అధికారం ప్రధాని నాయకత్వంలోని కమిటీది. 2003 జనవరిలోనే బయటపెట్టారు ఆ పద్ధతంతా. ముందు మనం వెయ్యం, మన మీద వేస్తే మాత్రం తట్టుకోలేని దెబ్బ కొడతాం అని.

మాస్టారు: ముందు వెయ్యం అన్నమాట ఇప్పటిదాకా పాటించాం, ఇకముందు పరిస్థితిని బట్టి అని రక్షణ మంత్రి 2019 ఆగస్టులో పోఖ్రాన్‌లోనే నిలబడి అన్నాడు. సరే, అది వదిలెయ్. తాళాల సంగతికే వద్దాం. 2022 మార్చి 9న మన బ్రహ్మోస్ క్షిపణి ఒకటి పొరపాటున లేచిపోయి పాకిస్తాన్‌లో మియా చన్నూ దగ్గర పడింది. జ్ఞాపకముందా?

నేవీ: ఉంది. అందులో అణువూ లేదు, ఏమీ లేదు. ఎవరూ చావలేదు. ముగ్గురు ఆఫీసర్లని తీసేశారు.

మాస్టారు: అందులో అణువు లేదని నీకు తెలుసు. పైనించి వస్తుంటే కింద చూసేవాడికి తెలుసా? పడ్డది 9న. పొరపాటు మాదేనని మనం చెప్పింది 11న. రెండు రోజులు! అదే ఈ ఏడాది ఆపరేషన్ సిందూర్ నడుమ మే 9 రాత్రి పడి ఉంటే?

నేవీ: పడలేదు. మే 9న ఉన్నంత మెలకువ మార్చి 9న ఉండదు మామా. గొడవ ముదిరినప్పుడే చేతులు జాగ్రత్తగా ఉంటాయి.

మాస్టారు: ముదిరినప్పుడే వణుకుతాయి.

ఇక్కడ నేవీ జవాబు చెప్పలేదు. గట్టు దిగి వెళ్లి నాగులేరులో కాళ్లు కడుక్కుని వచ్చాడు. వచ్చి కూర్చుని, మామ అడక్కుండానే, సింధురక్షక్ సంగతి ఎత్తాడు. 2013 ఆగస్టు 14, అర్ధరాత్రి దాటాక ముంబై డాక్‌యార్డులో. యుద్ధం లేదు, శత్రువు లేడు. రేవులో కట్టేసి ఉన్న సబ్‌మెరైన్ సొంత ఆయుధాలు పేలి అక్కడే మునిగింది. పద్దెనిమిది మంది.

నేవీ: వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. ఆ వారం మా మెస్సులో ఎవరూ పేర్లు పలకలేదు. విశాఖ బీచి రోడ్డు మీద 1971 విజయ స్తూపం చూశావుగా? పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మునిగిన గుర్తు. మన విమానవాహక నౌక విక్రాంత్‌ని వెతుక్కుంటూ వచ్చింది, విక్రాంత్ అప్పటికి అండమాన్‌లో దాక్కుంది. డిసెంబరు 3 అర్ధరాత్రి ఘాజీ పేలింది. మన రాజ్‌పుత్ నౌక వేసిన డెప్త్ ఛార్జి తగిలిందని మనమంటాం. వాళ్ల మైనే వాళ్లకి పేలిందని వాళ్లంటారు. మేం శిక్షణలో మొదటి మాట ఒప్పజెప్పేవాళ్లం. సింధురక్షక్ తర్వాత రెండో మాటకి నవ్వటం మానేశా.

మాస్టారు: మరింకేంటి? నా మాటే గదా అది.

నేవీ: కాదు. ప్రమాదం ఉందని నేనెప్పుడు కాదన్నా? సున్నపు బట్టీలోనూ ఉంది. ప్రమాదం ఉందని బట్టీ మూసేస్తే పక్క బట్టీవాడు కూడా మూస్తాడా? చైనా 2023 నుంచి ఏడాదికి దాదాపు వంద చొప్పున పెంచుకుంటూ పోతోంది. నువ్వు 180 వదిలేసి కూర్చుంటే వాడు 600 వదిలేస్తాడా?

మాస్టారు: వాడెందుకు పెంచుతున్నాడు? అమెరికాని చూసి. మనమెందుకు పెంచుతున్నాం? వాణ్ణి చూసి. పాకిస్తాన్? మనల్ని చూసి. అమెరికా, రష్యాల మధ్య మిగిలిన ఆఖరి ఒప్పందం, చెరి 1,550కి మించి సిద్ధంగా ఉంచకూడదన్నది, వచ్చే ఫిబ్రవరి 5తో గడువు తీరిపోతోంది. మళ్లీ పరీక్షలు మొదలుపెడతామని ట్రంప్ మొన్న అక్టోబరు చివర అననే అన్నాడు. ఒకటి లేస్తే ఒకటి లేస్తుంది. ఎక్కడా దిగేది లేదు.

నేవీ: పెరిగినా యుద్ధం మాత్రం రాలేదు. 1998 మే 11, 13న మనం పేల్చాం. 28, 30న వాళ్లు పేల్చారు. ఇరవై ఏడేళ్లయింది. 1965 లాంటిది, 1971 లాంటిది మళ్లీ జరగలేదు.

మాస్టారు: ఏడాది తిరక్కుండా కార్గిల్ జరిగింది. ఆ తర్వాత పార్లమెంటు దాడి, సరిహద్దులో పది నెలలు సైన్యం. ముంబై. ఉరి. పుల్వామా, బాలాకోట్. పహల్గాంలో 26 మంది. సిందూర్. పెద్ద యుద్ధం రాదని ధీమా కుదిరితే చిన్న కొట్లాటకు ధైర్యం వస్తుందిరా. మన ఊళ్లో చూడలేదూ? బాంబులున్న నాలుగేళ్లలో బాంబు పేలలేదు, సరే. రాళ్లు పడ్డాయి, వాములు కాలాయి, మిరప తోటలు నరికారు. వాడు పెద్దది వెయ్యడులే అన్న నమ్మకంతోనే చిన్నవన్నీ చేశారు. ఒక్కోసారి ఒక్కో మెట్టు పైకి. 2016లో కంచె దాటి కొన్ని కిలోమీటర్లు. 2019లో విమానాలు బాలాకోట్ దాకా. ఈసారి మే 10న రావల్పిండి పక్కన నూర్‌ఖాన్ స్థావరం. వాళ్ల అణ్వాయుధాల అజమాయిషీ ఆఫీసు ఉండే ఊరది. ఆ పొద్దున వాళ్ల అణు కమాండ్ కమిటీ కూర్చుంటోందని వార్తలొచ్చాయి, తర్వాత అలాంటిదేమీ లేదని వాళ్ల మంత్రే అన్నాడు. ఆ రెండు వార్తల మధ్య గంటలు నువ్వు టీవీ ముందు నిద్రపోయావా?

నేవీ: నిద్రపోలేదు. కానీ ఆ మెట్టు ఎక్కినా కాలు జారలేదంటే అవతలివాడికీ లోతు తెలుసు కాబట్టే.

ఈ చోట నాకు మాస్టారి మాటే బరువుగా అనిపించింది. యుద్ధం రాలేదన్నది ఇరవై ఏడేళ్ల అనుభవం. బావి గట్టు మీద ఇరవై ఏడేళ్లు నడిచిన మనిషి అనుభవం కూడా అలాంటిదే. అయితే మాస్టారు అక్కడితో ఆగలేదు. మిత్రపక్షాల సంగతి ఎత్తాడు. అది ఆయన సొంత సబ్జెక్టు.

మాస్టారు: పల్నాటి యుద్ధం అన్నదమ్ముల గొడవ అనుకుంటారు. రెండు ఊళ్ల కొట్లాటకు ఎక్కడెక్కడి రాజులు దిగారో చూడు. మాచర్లవాళ్లకు కల్యాణి వియ్యం. నలగాముడి వైపు కోట వాళ్లు, పరిచ్ఛేదులు, కాకతీయుల సాయం అని చరిత్రకారులు రాశారు. ఎవరి లెక్కలు వాళ్లవి. సుమారు 1182లో ఈ నాగులేరు పక్కనే అందరూ చచ్చారు. తీరంలో అంతవరకు మహారాజుల్లా ఏలిన వెలనాటి చోళుల నడుము విరిగింది. ఆ ఖాళీలోకి ఎవరొచ్చారు? ఓరుగల్లు వాళ్లు. గురజాల గెలవలేదు, మాచర్ల గెలవలేదు.

నేవీ: మిత్రుడు ఎప్పుడూ ముంచేవాడే అనబాకు. 1971 డిసెంబరులో అమెరికా ఎంటర్‌ప్రైజ్ అనే అణు విమానవాహక నౌకని బంగాళాఖాతంలోకి పంపింది. మన చేతిలో అప్పుడు బాంబు లేదు. ఆగస్టు 9న సోవియట్‌తో చేసుకున్న ఒప్పందం ఉంది. వాళ్ల నౌకలు వెనకే వచ్చాయి. ఆ నీడలోనే మనం పని పూర్తి చేసుకున్నాం. ఆ అవమానం తిన్నాం కాబట్టే 1974 మే 18 వచ్చిందని మా సీనియర్లు చెప్పేవాళ్లు.

మాస్టారు: అప్పుడు నీ మిత్రుడు ఇవాళ ఎవరి మిత్రుడు? రష్యాకి చైనా కావాలి. మనకి రష్యా ఎస్-400 కావాలి, అమెరికా ఇంజన్లు కావాలి. పాకిస్తాన్ కొనే ఆయుధాల్లో నూటికి ఎనభై పైచిలుకు చైనావే అని నీ సిప్రి లెక్కే చెబుతోంది. మేలో మన కదలికల సమాచారం అప్పటికప్పుడు చైనా వాళ్లకి అందించిందని మన సైన్యం ఉప అధిపతి జులైలో బాహాటంగా అన్నాడు. సెప్టెంబరు 17న సౌదీ, పాకిస్తాన్ సంతకాలు పెట్టుకున్నాయి, ఒకరి మీద దాడి ఇద్దరి మీద దాడి అని. ఆ సౌదీలో మన పల్నాడు కుర్రాళ్లు డ్రైవర్లుగా ఎంతమంది ఉన్నారో తెలుసా? 180కి 170 అని బోర్డు మీద తీసివేత చేస్తే వచ్చే జవాబేనా ఇది?

నేవీ: అందుకే చెప్తన్నా, ఎవడి నీడా నమ్మకూడదు, సొంతది ఉండాలని.

మాస్టారు: సొంతదానికి ఖర్చెంత? ఈ ఏడాది రక్షణ బడ్జెట్టు 6.81 లక్షల కోట్లు. మన వరికపూడిశెల ఎత్తిపోతల తొలి దశకు 340 కోట్లు. మాచర్లలో 2023 నవంబరులో శంకుస్థాపన రాయి వేశారు. పోయి ఆ రాయి చూసి రా.

నేవీ: రక్షణ బడ్జెట్టు తగ్గిస్తే వరికపూడిశెలకు వస్తుందని నువ్వే నమ్మవు మామా.

మాస్టారు నవ్వేశాడు. నిజానికి ఈ వాదన ఆయన ప్రతి ఏడూ చేస్తాడు, ప్రతి ఏడూ అదే చోట నవ్వేస్తాడు. ఆ వెంటనే, ఓడినట్టు కనపడకూడదని కాబోలు, కృష్ణ అవతలి ఒడ్డు చూపించాడు. చూపించాడంటే చేత్తో ఉత్తరం వైపు ఊపాడు. నల్లగొండ జిల్లా లంబాపూర్, పెద్దగట్టు, సాగర్ జలాశయం ఒడ్డునే. అక్కడ యురేనియం తవ్వుతామన్నప్పుడు 2003లో ఊళ్లు ఊళ్లు ఎదురు తిరిగాయి. ఇవతల మన కుడి కాలువ పారేదీ ఆ నీళ్లతోనే. నల్లమల అమ్రాబాద్ వంతు 2019లో వచ్చింది, ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభే వద్దని తీర్మానం చేసింది. బాంబు ఢిల్లీ వాళ్ల లెక్క అనుకుంటాం, మట్టి దగ్గరికి వస్తే మనదవుతుంది అన్నాడు మాస్టారు. ఆ తవ్వకం కరెంటు కోసమంటారు, బాంబు కోసమని ఎవరూ అనలేదని నేవీ అడ్డం పడ్డాడు. అదీ న్యాయమే.

మాస్టారు: కరెంటే అనుకో. యుద్ధం వచ్చిందనుకో, పడేది పల్నాడు మీద కాదుగా అంటారు. అమెరికా శాస్త్రవేత్తలు 2019లో ఒక లెక్క వేశారు. 2025లో ఇండియా, పాకిస్తాన్ అణుయుద్ధం చేసుకుంటే అని ఊహించి. చూడు, ఇదే ఏడాది పెట్టుకున్నారు. వారంలో ఐదు నుంచి పన్నెండున్నర కోట్ల మంది పోతారు. అది సగమే. కాలే నగరాల మసి ఆకాశం పైపొరల్లోకి ఎక్కి ప్రపంచమంతా కమ్ముతుంది. ఎండ నూటికి ఇరవై నుంచి ముప్ఫై ఐదు వంతులు తగ్గుతుంది. వాన పదిహేను నుంచి ముప్ఫై. కోలుకోవడానికి పదేళ్లు పైనే. మిరపకాయ కళ్లం మీద ఎండాలంటే ఎండ కావాలిరా. తుఫాను మబ్బు పట్టి నాలుగు రోజులు ఎండ లేకపోతేనే తాలుకాయ అయిపోతుంది.

నేవీ: ఆ లెక్క చదివినవాడెవడూ బటను నొక్కడు. నా మాటా అదే.

మాస్టారు: చదివినవాడు నొక్కడు.

నేవీ గ్లాసులో మిగిలిన టీ పారబోసి ఇంకోటి చెప్పాడు. గుడి వైపు నుంచి పంబ మోత సన్నగా మొదలైంది. కొణతాలు మోసుకుని ఒక గుంపు మా ముందు నుంచే పోయింది. వీరుల ఆయుధాలవి. నిమ్మకాయలు గుచ్చి, పసుపు పూసి, పూలు చుట్టి ఉన్నాయి. ఎనిమిది వందల ఏళ్ల తర్వాత ఆయుధానికి ఇంత మర్యాద దొరుకుతుందంటే ఆయుధంగా పుట్టొచ్చు అనిపించింది. బయటికి అనలేదు.

నేవీ: సరే మామా, నీ మాటే నడవనీ. బాంబు కాపాడట్లేదు. మరి మే 10న ఆగింది ఎందుకు?

మాస్టారు: ఫోను. మధ్యాహ్నం 3 గంటల 35 నిమిషాలకు వాళ్ల సైనిక చర్యల అధిపతి డీజీఎంవో మన డీజీఎంవోకి ఫోను చేశాడు. 5 గంటలనుంచి ఆపుదామనుకున్నారు. విదేశాంగ కార్యదర్శి వచ్చి నాలుగు వాక్యాల్లో చెప్పి వెళ్లిపోయాడు. ఎవరెవరు మధ్యవర్తులో వాళ్ల గొప్పలు వాళ్లు చెప్పుకున్నారు, అదంతా నాకెందుకు. ఒక తీగ ఉంది. అవతల ఎత్తే మనిషున్నాడు. ఇంకొకటి కూడా చెప్తా విను. 1988 డిసెంబరు 31న రాజీవ్, బేనజీర్ల కాలంలో ఒప్పందం జరిగింది, ఒకరి అణు కేంద్రాల మీద ఒకరు దాడి చెయ్యకూడదని. 1992 నుంచి ప్రతి జనవరి 1న ఇద్దరూ తమ కేంద్రాల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటున్నారు. కార్గిల్ జరిగిన తర్వాత జనవరిలోనూ ఇచ్చుకున్నారు. పుల్వామా తర్వాతా. మా ఇంట్లో ఇవి ఇక్కడిక్కడ ఉన్నాయి, వీటి జోలికి రాబాకు అని పగవాడికి రాసివ్వటం! నాటు బాంబుల ఊళ్లో అది జరిగిందా ఎప్పుడైనా?

నేవీ: ఆ జాబితా ఎందుకిచ్చుకుంటున్నారు? భయముంది కాబట్టి. వాళ్లు ఫోను ఎందుకు చేశారు? నూర్‌ఖాన్ మీద దెబ్బపడింది కాబట్టి. చేతిలో ఏమీ లేనివాడి ఫోను ఎవడెత్తుతాడు? అలరాజు చేతిలో ఏముంది?

మాస్టారు: మళ్లీ అక్కడికే వచ్చావు.

నేవీ: అక్కడినుంచే కదా బయల్దేరాం.

మాస్టారు: బలం లేకపోతే రాయబారం చెల్లదు, ఒప్పుకుంటా. రాయబారిని చంపాక బలం దేనికి పనికొచ్చింది, అది చెప్పు. ఇద్దరి బలమూ సరిసమానంగానే ఉంది. అందుకే కదా ఇద్దరూ సాంతం పోయారు.

నేవీ మాట్లాడలేదు. కొంచెంసేపయ్యాక నా వైపు తిరిగాడు.

నేవీ: బావా, నువ్వున్నావుగా ఆ రాత్రి. కౌంటింగు రాత్రి.

ఉన్నాను. 2024 జూన్ 4. ఫలితాలు తేలిపోయాయి. మా ఊళ్లో ఇటు వీధి గెలిచింది, అటు వీధి ఓడింది. ఏ పార్టీ అన్నది ఇక్కడ అనవసరం, తారుమారైన ఏళ్లూ చూశాను. చీకటి పడ్డాక ఇటు వీధి కుర్రాళ్లు టపాసులు తీసుకుని అటు వీధి మొగదల దాకా పోయారు. టపాసుల సంచిలో ఇంకేమున్నాయో అందరూ ఊహించుకున్నారు. అవతల మిద్దెల మీద దీపాలు ఆరిపోయాయి. అప్పుడు మాస్టారు బనీనుతోనే అరుగు మీద కూర్చుని ఫోను తీశాడు. అవతలి వీధి పెద్దమనిషికి చేశాడు. ఏం మాట్లాడాడో మాకు సగమే వినపడింది. “మీవాళ్లని మిద్దెలు దిగమను, మావాళ్లని నేను వెనక్కి తిప్పుతా, ముందు దిగేది నువ్వా నేనా అని పంతం పడితే పిల్లలు పోతార్రా” అన్నాడు. పది నిమిషాల్లో దీపాలు వెలిగాయి. కుర్రాళ్లు చెరువు గట్టున టపాసులు కాల్చుకుని ఇళ్లకు పోయారు.

నేవీ: ఆయన ఆ రాత్రి నీ ఫోను ఎత్తింది మాస్టారన్న గౌరవంతో కాదు మామా. ఇటు వీధి సంచుల్లో ఏముందో తెలిసి.

మాస్టారు: అయ్యుండొచ్చు. ఆ సంచుల్లో ఏముందో నాకైతే ఇప్పటికీ తెలియదు. నా దగ్గర నంబరుంది, చేశాను.

నేవీ: ఇప్పుడూ ఉందా?

మాస్టారు చొక్కా జేబులోంచి ఫోను తీశాడు. కళ్లజోడు నుదుటి మీదికి తోసి పేరు వెతికాడు. నొక్కి చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఈ నంబరు ప్రస్తుతం ఉపయోగంలో లేదని ఆడగొంతు చెప్పడం మా ఇద్దరికీ వినపడింది.

గుడి దగ్గర పంబ మోత పెద్దదైంది. అలరాజు గురజాల బయల్దేరుతున్నాడు. నేను టీ డబ్బులిచ్చాను.

“మార్చినట్టున్నాడు” అన్నాడు మాస్టారు లేచి పంచె దులుపుకుంటూ. “రేపు మందపోరు. చాపకూడు పంక్తికి వస్తాడు. పక్కన కూర్చుని కొత్తది అడుగుతా.”